బ్రేక్ డిస్క్ మార్చే ముందు ఆ అంకె చూశారా?

ఈ రోజు బ్రేక్ రోటర్, అదే మనం డిస్క్ అంటాం కదా, దాని గురించి మాట్లాడుకుందాం. స్పోర్ట్స్ కారు కొని రోజూ ఆఫీసుకి అదే వేసుకెళ్లేవాళ్లకి ఈ ఫోన్ కాల్ ఏదో ఒక రోజు తప్పదు. "సార్, ప్యాడ్లు అరిగాయి, డిస్కులు కూడా మార్చేద్దామా?" ఆ కార్ల డిస్కులు పెద్దవి, రేటూ అలాగే ఉంటుంది. వెంటనే ఓకే అనకండి. "ఇప్పుడు మందం ఎంతుంది?" అని అడగండి.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి అంటే ఒక లెక్క చెప్పలేం. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో పాకే కారు, ఓఆర్ఆర్ మీద 120లో వచ్చి ఎగ్జిట్ దగ్గర గట్టిగా బ్రేక్ కొట్టే కారు ఒకేలా అరగవు. 60 నుంచి ఆపడం కంటే 120 నుంచి ఆపితే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

మామూలుగా డిస్క్ అంచు మీదో, మధ్యలో టోపీలా ఉండే భాగం మీదో "మిన్ టీహెచ్" అని, పక్కన ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. అదే కనీస మందం. కొత్త డిస్క్ 24 మిల్లీమీటర్లు, అచ్చు వేసిన అంకె 22 అనుకుందాం. అంటే రెండు వైపులా కలిపి అరగడానికి ఉన్నది 2 మిల్లీమీటర్లే. కొలిస్తే 23.4 వచ్చిందా, ప్యాడ్లు మాత్రం వేయించుకోండి. 22.2 వచ్చిందా, కొత్త ప్యాడ్లు అయ్యేలోపే లిమిట్ దాటేస్తుంది, ఇప్పుడే మార్చేయడం నయం. పల్చబడ్డ డిస్క్ తొందరగా వేడెక్కుతుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఆ వేడికి ఫ్లూయిడ్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అక్కడ మాత్రం పొదుపు వద్దు.

కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. అరిగిన డిస్క్ చివర గట్టులా ఒక అంచు మిగిలిపోతుంది. మామూలు వెర్నియర్ పెడితే ఆ గట్టునే కొలుస్తుంది, మందం ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్ లేకపోతే ఒకేలాంటి రెండు నాణేలు అటూ ఇటూ పెట్టి కొలిచి, వాటి మందం తీసేయండి. సింపుల్!

ఇక బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? "డిస్క్ వంగింది సార్" అంటారు. చాలాసార్లు అది వంగడం కాదు, ప్యాడ్ మెటీరియల్ డిస్క్ మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడం. స్పీడ్‌లోంచి గట్టిగా ఆపి, టోల్ క్యూలో పెడల్ అలాగే తొక్కి పట్టుకుంటే కాలుతున్న ప్యాడ్ ముద్ర పడుతుంది. కొంచెం గ్యాప్ ఉంచుకుని మెల్లగా కదులుతూ ఉండండి. హబ్ మీద తుప్పున్నా ఇదే వణుకు. ముందు అది శుభ్రం చేయించండి.

వానకి రాత్రంతా బయట ఉన్న కారు డిస్క్ మీద పొద్దున కనిపించే ఎర్రటి పొర నాలుగు బ్రేకులకి పోతుంది, కంగారొద్దు. కానీ పగులు అంచు దాకా వచ్చినా, డ్రిల్డ్ డిస్క్‌లో ఒక రంధ్రం నుంచి ఇంకోదానికి పాకినా మందం చూడక్కర్లేదు, కారు అక్కడే ఆపేయండి.

మారిస్తే ముందు రెండూ, లేదా వెనక రెండూ కలిపే మార్చాలి, ప్యాడ్లతో సహా. బ్రేక్ ఫ్లూయిడ్ సంగతి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి, బై.