‘స్వాగతం’ అన్నది ఎవరు?

(మహిళా సంస్థల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా యిస్తున్నాం.)



పొద్దుటి నుంచీ చట్టాల గురించి మాట్లాడుకున్నాం. 2005 గృహహింస చట్టం, రక్షణాధికారులు, సఖి కేంద్రాల్లో ఎదురయ్యే యిబ్బందులు, అన్నీ వచ్చాయి. నాకిచ్చిన విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. మన సంస్థ పేజీని ఎవరైనా కొత్తగా ఫాలో అయినప్పుడు, లేదా మన వాట్సాప్ నంబరుకి మొదటిసారి మెసేజ్ పెట్టినప్పుడు, మనం చెయ్యి పెట్టకుండా దానంతటదే వెళ్ళిపోయే జవాబు గురించి మాట్లాడమన్నారు. దీనికి సోషియాలజీ చదివినావిడ ఎందుకు, ఆఫీసులో కంప్యూటర్ చూసే అమ్మాయి చాలు కదా అని మీలో కొందరికి అనిపించి వుంటుంది. నాకూ అలాగే అనిపించేది, ఒక సంఘటన జరిగేదాకా.

ఆ సంస్థ పేరు చెప్పను. అందులో నేనూ వున్నాను కాబట్టి తప్పులో నాకూ వాటా వుందని మాత్రం చెబుతాను. యిద్దరు కౌన్సెలర్లు, ఒక అకౌంటెంటు, వచ్చిపోయే వాలంటీర్లు, అంతే సిబ్బంది. ఆఫీసు పది నుంచి ఐదున్నర దాకా. వాట్సాప్ నంబరు మాత్రం పోస్టర్ల మీదా, కరపత్రాల మీదా, ఆటోల వెనకాలా అచ్చయి వుంది. మెసేజ్ పెట్టినవాళ్ళకి వెంటనే ఏదో ఒకటి వెళ్ళాలి కదా అని ఒక వాలంటీరు ఆటోమేటిక్ జవాబు ఏర్పాటు చేసింది. వాక్యం రాసిపెట్టమని నన్నడిగింది. రాశాను. ‘మా కుటుంబంలోకి స్వాగతం! మీ కష్టం మాతో పంచుకోండి. మేము ఎప్పుడూ మీ తోడుగా వుంటాం’. చివర ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టాం.

ఒక రాత్రి 11.40కి ఒకామె ‘అక్కా వున్నారా’ అని రాసింది. మరుక్షణంలో నా వాక్యం వెళ్ళింది. మెలకువగా ఎవరో వున్నారని ఆమె నమ్మింది. పొద్దున కౌన్సెలర్ ఫోన్ తెరిచేసరికి పదిహేడు మెసేజీలు. అందులో నాలుగు వాయిస్ మెసేజీలు, గొంతు తగ్గించి మాట్లాడినవి. మధ్యలో రెండుసార్లు ‘వింటున్నారా అక్కా’ అని వుంది. ఒంటిగంట దాటాక ఆఖరిది: ‘సరే అక్కా, పడుకున్నట్టున్నారు’. కౌన్సెలర్ జాగ్రత్తగా, ఎవరు చూసినా ఫరవాలేనట్టు, వీలున్నప్పుడు ఫోన్ చెయ్యమని ఒక్క ముక్క రాసింది. జవాబు రాలేదు. మూడు వారాల తర్వాత మళ్ళీ ఆమె నంబరు నుంచే ‘అక్కా’ అని ఒక్క మాట వచ్చింది. యంత్రం మళ్ళీ అంది: మా కుటుంబంలోకి స్వాగతం!

అది పొరపాటున జరిగింది కాదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో స్వాగత సందేశం పనిచేసే తీరే అది. మొదటిసారి రాసినవాళ్ళకి వెళుతుంది. 14 రోజులపాటు యిటునుంచీ అటునుంచీ మాటలు లేకపోతే, ఆ తర్వాత రాసినప్పుడు మళ్ళీ వెళుతుంది. షాపువాడికి యిది హాయిగానే వుంటుంది. పదిహేను రోజుల తర్వాత వచ్చిన గిరాకీని మళ్ళీ పలకరిస్తే తప్పేముంది? కానీ మన దగ్గరికి వచ్చే స్త్రీలు అలాగే వస్తారు, మీకు తెలుసు. ఒక రోజు చెబుతారు, రాజీ అవుతారు, నెలకి మళ్ళీ వస్తారు. ఆ మధ్యకాలమంతా మనకి కేసులో భాగం. యంత్రానికి అది మరుపు.

తర్వాత ఆమె తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. నేనప్పుడు అక్కడే వున్నాను. ‘ఒకరికి చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. తీరా చెబితే ఎవరూ లేని యింట్లో చెప్పినట్టయింది. రెండోసారి స్వాగతం అన్నప్పుడు, వీళ్ళకి నేను గుర్తే లేననుకున్నా’ అంది. కోపంగా కూడా అనలేదు. ఆ వాక్యం రాసింది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు చెప్పలేదు, తర్వాత చెప్పాను.

తీరిగ్గా ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాను. కుటుంబంలో దెబ్బలు తిని తలుపు తట్టిన మనిషికి ‘మా కుటుంబంలోకి స్వాగతం’ అని రాశాను! కుటుంబ వ్యవస్థ మీద యిన్నేళ్ళు పాఠాలు చెప్పిన నేను! వ్యాపార ప్రకటనల్లో వినీ వినీ ఆ మాటకి అర్థం పోయింది, నా వేళ్ళకి అదే అలవాటయింది. ‘ఎప్పుడూ తోడుగా వుంటాం’ అన్నది యింకా ఘోరం. పది నుంచి ఐదున్నర దాకా, ఆదివారం సెలవు – అదీ మన ‘ఎప్పుడూ’.

మెసేజ్ రాసినవాళ్ళ సంగతి కాసేపు పక్కన పెడదాం. అసలేమీ రాయకుండా, వూరికే ఫాలో అయినవాళ్ళ మాటేమిటి? మన ఆఫీసు ముందు నుంచి మూడుసార్లు అటూయిటూ నడిచి, బోర్డు చదివి, లోపలికి రాకుండా వెళ్ళిపోయే స్త్రీని మీరంతా చూసే వుంటారు. ఆమె వెనకాల పరిగెత్తి, వీధిలో నలుగురూ వింటుండగా ‘రండమ్మా, మీ కష్టం చెప్పండి’ అని ఎవరమైనా కేకేస్తామా? ఫాలో అయిన మనిషికి ఆటోమేటిక్ మెసేజ్ పంపడమంటే అదే. ఆమె చూద్దామనుకుంది, అంతే. ఆ చూపుని మనం ఆమె ఫోన్ తెర మీద మోగే శబ్దంగా మార్చేస్తున్నాం.

ఆ ఫోన్ ఎవరిది? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15-49 ఏళ్ళ స్త్రీలని అడిగి చెప్పిన లెక్క యిది: తామే వాడుకునే మొబైల్ వున్నవాళ్ళు దేశంలో 54 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్ళు 33 శాతం. అంటే దాదాపు సగంమంది స్త్రీలకి తమదంటూ ఫోన్ లేదు. వున్నవాళ్ళ ఫోన్‌కి కూడా తాళం ఎవరి చేతిలో వుందో మనకి తెలుసు. పాస్‌వర్డ్ భర్తకి చెప్పకపోవడమే అనుమానానికి చాలినంత కారణమైన యిళ్ళు ఎన్ని లేవు? ఫోన్ మంచం మీద వుంటుంది, తెర వెలుగుతుంది, మన సంస్థ పేరు, దాని కింద మొదటి వాక్యం కనిపిస్తాయి. తెరవనక్కర్లేదు. పేరులోనే ‘గృహహింస బాధితుల’ అని వుంటే యిక చదవాల్సిన పని కూడా లేదు.

యింకో సంగతి మన క్షేత్ర కార్యకర్త ఒకామె చెప్పింది. తనకి చదువు రాదు, వాయిస్ మెసేజ్ పెట్టింది. తిరిగి అక్షరాల్లో జవాబొచ్చింది. ఏడో తరగతి చదివే కొడుకుని పిలిచి చదవమంది. వాడు పెద్దగా చదివాడు: ‘మీ భర్త మిమ్మల్ని కొడుతుంటే 1 నొక్కండి’. ఆ పిల్లవాడి ముఖం ఎలా వుందో ఆ తల్లి చెప్పలేకపోయిందట.

ఆ సర్వేలోనే మరో లెక్క వుంది. హింసకు గురైన స్త్రీలలో సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరితోనూ అననూ లేదు. ఒక స్త్రీ మన నంబరు వెతికి పట్టుకుని ఒక్క మాట రాసిందంటే ఆ 77 శాతంలోంచి బయటికి అడుగు పెడుతోందన్న మాట. ఆ అడుగు కింద మనం ఏం పరుస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

యీ సాధనాలు ఎవరికోసం తయారయ్యాయో కూడా చూడాలి. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది, చిన్న వ్యాపారస్తుల కోసం. అందులో మన దగ్గరికి వచ్చే స్త్రీ పేరు ‘కస్టమర్’. ఫేస్‌బుక్ ఒకప్పుడు పేజీలకి ఒక బిళ్ళ యిచ్చేది: వచ్చిన మెసేజీలలో 90 శాతానికి, పదిహేను నిమిషాల్లోపు జవాబిస్తే ‘చాలా త్వరగా స్పందిస్తారు’ అని. మన రిపోర్టుల్లోకి కూడా యిప్పుడు ‘స్పందన సమయం’ అనే గడి వచ్చింది. నిధులిచ్చేవాళ్ళు అడుగుతున్నారు. రెండు సెకన్లు అని నింపితే ముచ్చటగా వుంటుంది, మూడో కౌన్సెలర్‌కి జీతం అడగాల్సిన పనీ వుండదు. నాకు అసలు భయం యిక్కడే.

ఎందుకంటే యిది ఎక్కడిదాకా పోతుందో అమెరికాలో ఒకసారి చూశాం. నేషనల్ ఈటింగ్ డిజార్డర్స్ అసోసియేషన్ అని, తిండికీ శరీరానికీ సంబంధించిన రుగ్మతలతో బాధపడేవాళ్ళ కోసం పనిచేసే సంస్థ. దాని హెల్ప్‌లైన్‌లో పనిచేసే సిబ్బంది 2023లో యూనియన్ పెట్టుకున్నారు. ఆ వెంటనే, హెల్ప్‌లైన్ మూసేస్తున్నామని సంస్థ ప్రకటించింది. అప్పటికే దాని దగ్గర టెస్సా అనే చాట్‌బాట్ వుంది. మే నెలాఖరులో ఆ టెస్సాని కూడా తీసెయ్యాల్సి వచ్చింది, బరువు తగ్గడానికి క్యాలరీలు లెక్కపెట్టుకోమని సలహా యిచ్చిందని! తిండి మానేసి చిక్కి శల్యమయ్యేవాళ్ళు వచ్చే చోట ఆ సలహా. పేరు చూశారా, టెస్సా. ఓపిగ్గా వినేది, విసుక్కోనిది, జీతం అడగనిది అయితే దానికి ఆడపేరే పెడతారు.

యంత్రమని తెలిస్తే మనుషులు నమ్మరు కదా అంటారు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం రాశాడు. మీరన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ రాదు. ఆయన సెక్రటరీ ఆయన దాన్ని తయారుచేస్తుంటే నెలల తరబడి చూసిన మనిషి. అయినా దానితో కొద్దిసేపు మాట్లాడాక ‘మీరు కాస్త బయటికి వెళతారా’ అని ఆయన్నే అడిగిందట. ఆమె అమాయకురాలు కాదు. చెప్పుకోవడానికి మనిషి దొరకని చోట మాట ఎటు దొరికితే అటు ప్రవహిస్తుంది.

యిక మన వైపు. ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే స్త్రీల గురించి రాస్తూ, చిరునవ్వు కూడా శ్రమేనని, కంపెనీ దాన్ని జీతానికి కొనుక్కుంటోందని చూపించింది. మన ఆటోమేటిక్ జవాబులోని ‘అక్క’, పువ్వు బొమ్మ, హృదయం బొమ్మ కూడా అలాంటి చిరునవ్వులే. నవ్వింది యంత్రం, పొద్దున్నే ఆ పదిహేడు మెసేజీల ముందు కూర్చున్నది మాత్రం నెలకి చాలీచాలని జీతం తీసుకునే మన కౌన్సెలర్. ‘నేను మోసం చేసినట్టు అనిపించింది మేడం’ అంది నాతో. ఆమె చేసిన మోసమేముంది?

మరి అన్నీ ఆపేద్దామా? మొన్న ఒక సమావేశంలో యీ మాటే అంటే, ఒక పెద్దావిడ నన్ను నిలదీశారు. ‘అర్ధరాత్రి రాసినామెకి ఏమీ రాకపోతే, నా మాట చేరనేలేదనుకోదా?’ అని. ఆవిడ అన్నది నిజం. మౌనం కూడా దెబ్బే. అందుకని నేనిప్పుడు రెండింటినీ విడదీసి చూస్తున్నాను. వూరికే ఫాలో అయినవాళ్ళకి ఏమీ పంపకూడదు, స్వాగతమూ వద్దు, కృతజ్ఞతా వద్దు. తనంతట తాను రాసినామెకి మాత్రం ఒకటి వెళ్ళాలి, అది అబద్ధం చెప్పకూడదు.

మేము యిప్పుడు వాడుతున్నది చదువుతాను: ‘మీ మెసేజ్ అందింది. యిది మిషన్ పంపిన జవాబు, యిప్పుడు యిక్కడ మనుషులు లేరు. సోమవారం నుంచి శనివారం దాకా పదింటి తర్వాత ఒక మనిషి చదివి రాస్తారు. అంతవరకు ఆగలేకపోతే 181కి గానీ 112కి గానీ చెయ్యండి, రాత్రయినా పలుకుతారు’. అంతే. పువ్వు లేదు. మొదటి వాక్యం మాత్రమే తెర మీద కనబడుతుంది కాబట్టి దాన్ని అంత చప్పగా పెట్టాం. ఎవరు చూసినా కరెంటు బిల్లు మెసేజ్ అనుకోవాలి. నంబర్లు కిందికి దింపాం. ఖాతా పేరు మార్చాం. అదే జవాబుని మా కౌన్సెలర్ గొంతుతో రికార్డు చేసి పెట్టుకున్నాం. చదువు రానివాళ్ళకి అదీ పంపుతాం, కానీ చేత్తో, ఆమె వాయిస్ పెట్టిందని చూశాకే.

ఆ 14 రోజుల బెడద గురించి ఒక ఉపాయం. స్వాగత సందేశం ఎవరికి వెళ్ళాలో ఎంచుకునే చోట, కాంటాక్ట్స్‌లో లేనివాళ్ళకి మాత్రమే అనే ఏర్పాటు వుంది. అది పెట్టుకుని, రాసిన ప్రతి నంబరునీ మర్నాడే సేవ్ చెయ్యండి. పేరుతో వద్దు, కేసు నంబరుతో. యిక ఆమె ఆర్నెల్లకి వచ్చినా యంత్రం నోరెత్తదు.

వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్ అని పెద్ద సంస్థలు వాడేది ఇంకొకటి వుంది. దాంట్లో మరో మెలిక: ఆమె రాసిన 24 గంటల్లోపే మనం స్వేచ్ఛగా జవాబు రాయగలం. దాటితే ముందే ఆమోదం పొందిన అచ్చు వాక్యమే పంపాలి. శనివారం రాత్రి రాసినామెకి సోమవారం పొద్దున మన మాటల్లో మనం రాయలేం. కాబట్టి దానికి మారేవాళ్ళు ముందు ఆదివారం డ్యూటీ ఎవరిదో తేల్చుకోండి, ఆ డ్యూటీకి డబ్బెంతో కూడా. స్వచ్ఛందంగా చూస్తాలే అని ఎవరైనా ముందుకొస్తే దయచేసి ఒప్పుకోకండి. మూడో వారానికి ఆ అమ్మాయికి నిద్ర వుండదు.

భోజనాల తర్వాత ఐదేసి మంది జట్లుగా కూర్చుందాం. పక్కవాళ్ళ ఫోన్ తీసుకుని, మీ సంస్థ నంబరుకి ‘అక్కా’ అని ఒక్క మాట పెట్టండి. ఫోన్ తాళం వేసి బల్ల మీద పెట్టి, తెర మీద ఏం కనబడుతుందో కాగితం మీద రాసుకోండి. ఫోన్లు యిప్పుడే ఛార్జింగ్‌కి పెట్టుకుంటే మంచిది, వెనక గోడకి రెండే ప్లగ్గులున్నాయి.