నూలు ఒకటే, గుణం వేరు

పిల్లలూ, ఈ పూట మా మాటలు మీకోసమే. మరాఠీ బళ్లల్లో చదివే మీకు ఏదైనా తెలుగు మాట కొత్తగా తగిలితే అక్కడే ఆపి అడగండి, మేమేమీ అనుకోం.

మన షోలాపూర్‌లో పత్తి నూలుతో చద్దరూ నేస్తాం, టర్కీ టవలూ నేస్తాం. చద్దరు చలి ఆపుతుంది, టవలు నీళ్లు తాగుతుంది. ఎందుకని? టవలు మీద చిన్న చిన్న నూలు చుట్లు లేచి నిలబడి ఉంటాయి, నీరు వాటి సందుల్లో ఇరుక్కుంటుంది. పత్తి మారలేదు, నేత మారింది. మెటామెటీరియల్ అన్నా ఇలాంటి సంగతే. అది దేనితో చేశారన్నదానికంటే, ఏ ఆకారంలో ఎంత ఎడంగా పేర్చారన్నదే ముఖ్యం. టవలుకు నీళ్లతో పని, దీనికి వెలుగు, రేడియో లాంటి తరంగాలతో పని.

1898లోనే జగదీశ్ చంద్ర బోస్ గారు జనపనారకు పురి పెట్టి, ఆ కట్టల గుండా తరంగాలను పంపి చూశారు. తరంగం ఊగే దిక్కు తిరిగిపోయింది! కుడి పురి అయితే ఒక వైపుకి, ఎడమ పురి అయితే రెండో వైపుకి. నార అదే, పురి మాత్రమే వేరు. మెటామెటీరియల్ అనే పేరు అప్పటికి పుట్టనే లేదు. కుడి పురికీ ఎడమ పురికీ తేడా మీ నాయనమ్మ వేళ్లతో తడిమి చెప్పేస్తుంది. మగ్గం పని చదువు రానివాళ్ల పని అని బడిలో ఎవరైనా అంటే ఈ జనపనార కథ చెప్పండి.

మరి మనిషిని మాయం చేసే గుడ్డ నేయొచ్చా? అందరూ అడిగేది ఇదే. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక చిన్న రాగి స్తూపం చుట్టూ, రాగి గీతలు అచ్చువేసిన పట్టీలను వలయాలుగా నిలబెట్టారు. వాగు నీరు బండను చుట్టుకొని పోయినట్టు మైక్రోవేవ్ తరంగాలు దాన్ని చుట్టుకొని పోయి అవతల కలిశాయి. పూర్తిగా కాదు, చాలావరకు. అదీ ఒక్క కొలత తరంగానికే. ఆ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు, కాబట్టి మిల్లీమీటర్ల గీతలు సరిపోయాయి. అల్లిక ఎప్పుడూ తరంగం కంటే బాగా చిన్నదిగా ఉండాలి. కంటికి కనిపించే వెలుగు తరంగమేమో మిల్లీమీటరులో సుమారు రెండు వేలో వంతు! అంతకంటే సన్నగా, మనిషిని కప్పేంత గుడ్డ ఇంకా ఎవరూ నేయలేదు. ఫోన్లో తిరిగే మాయ దుప్పటి వీడియోలు కెమెరా గారడీలే.

సభ అయ్యాక బయట మగ్గం దగ్గర భూతద్దాలు పెట్టాం. టవలులో ఒక అంగుళానికి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, మీ తాతలకు చెప్పి సరిచూసుకోండి.