మన సంచిక చేతికా, ఫోనుకా?
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంచికను అచ్చు వేయడం మానేసి అందరి ఫోన్లకూ పంపితే ఖర్చు కలిసొస్తుందని కార్యవర్గంలో ఒక ప్రతిపాదన ఉంది. దానిమీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. ఆర్.ఎం.ఎస్.లో ముప్పయ్యేళ్లు చందమామ కట్టలూ వారపత్రికల కట్టలూ విడదీసి సంచుల్లో వేసినవాణ్ణి కనుక కాగితం పక్షమే వహిస్తానని మీరనుకోవచ్చు. కొంతవరకే వహిస్తాను.

ఫోను వచ్చి పత్రికలను మింగేసిందనడం సగమే నిజం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా తెచ్చిన 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయింది. అప్పటికి సెల్‌ఫోను మన దేశానికే రాలేదు. 1978 నుంచి వచ్చిన 'విపుల', 'చతుర' మాత్రం కరోనా దెబ్బ తర్వాత, 2021లో నిలిచిపోయాయి. మా ఆవిడ ఇప్పటికీ చతుర పాత సంచికలు తీసి చదువుతుంది. నెలకో నవల ఇంటికి నడిచొచ్చేదండీ!

ఇక చదివే పరికరాల సంగతి. అమెజాన్ వారి కిండిల్ 2007లో వచ్చింది. మా కోడలి దగ్గర ఒకటుంది, చూశాను. దాని తెరలో నల్లని, తెల్లని రేణువులు కదిలి అక్షరాలవుతాయట. టీవీలా కళ్లలోకి వెలుగు కొట్టదు. అక్షరం కావలసినంత పెంచుకోవచ్చు. శుక్లాలు తీయించుకున్న మనబోటివాళ్లకు అది చిన్న విషయం కాదు. అయితే నెలనెలా చందా కట్టి అందులో పత్రికలు తెప్పించుకునే ఏర్పాటును ఆ సంస్థే 2023లో ఎత్తేసింది. పుస్తకాలు అక్కడ నిలిచాయి, పత్రికలు నిలవలేదు. అవి ఫోనుకు చేరాయి.

ఫోనులో వచ్చేది చాలాసార్లు అచ్చుపేజీ బొమ్మే. రెండు వేళ్లతో పెంచితే పంక్తి చివర తెర దాటిపోతుంది. కుడికి జరిపి చదివి, మళ్లీ ఎడమకు వచ్చేసరికి ఏ పంక్తిలో ఉన్నామో తెలియదు. మన సంచిక కూడా అంతే. ప్రెస్సువారు అను ఫాంట్లలో కూర్చిన పేజీని ఫోను బొమ్మగా చూపగలదు గాని చదవలేదు. అదే యూనికోడ్‌లో టైపు చేయిస్తే చూపు తగ్గిన సభ్యునికి ఫోనే పైకి చదివి వినిపిస్తుంది. ఫోనుకు పంపేదైతే అలా పంపాలని నా మనవి.

అచ్చు మానవద్దనడానికి మాత్రం కారణం వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షనరుకు 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కి 30 శాతం అదనపు పెన్షను వస్తుంది. పి.పి.ఓ.లో భార్య పుట్టినతేదీ లేకపోతే అది దానంతట అది మొదలుకాదు. మనతో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుని భార్య, నాకు వదినగారి వరుస, పల్లెలో ఒంటరిగా ఉంటారు. ఫోను ఉంది గాని మాట్లాడటానికే. 83వ ఏట మన సంచికలో ఆ ఉత్తర్వు చదివి, ఆ పేజీ చించి, వయసు ధ్రువపత్రంతో సహా బ్యాంకుకు పట్టుకెళ్లారు. మూడేళ్ల బకాయి చేతికొచ్చింది. వాట్సాప్‌లో ఉన్నవారికి ఆ కబురు ముందే తెలిసి ఉంటుంది. అక్కర ఉన్నది ఆవిడకు.

కనుక నా సవరణ ఇది. ఫోను చాలుననే వారు స్వయంగా సంతకం చేసి కాగితం వదులుకోవాలి. సంతకం చేయని ప్రతివారికీ, ఫ్యామిలీ పెన్షనర్లందరికీ, అచ్చు సంచిక తపాలాలో వెళ్లాలి. మిగిలిన డబ్బుతో వారికి అక్షరం ఒక సైజు పెంచండి.

సంతకాల పుస్తకం గుమ్మం దగ్గర బల్లమీద ఉంది. భోజనాలకు లేచేముందు చూడండి. సెలవు.