సంచిలో రెండు తూనికరాళ్లు

సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉండకూడదని ద్వితీయోపదేశకాండంలో చదువుతాం. అమెరికా 1986లో వాటిని మాదకద్రవ్యాల చట్టంలోనే పెట్టుకుంది. పొడి కొకైన్ 500 గ్రాములు అమ్మితే కనీసం అయిదేళ్ల జైలు. క్రాక్ అయితే 5 గ్రాములకే! క్రాక్ వేరే మత్తుమందేమీ కాదు, అదే పొడిని వంటసోడా, నీళ్లతో కాచిందే. ఆ కేసుల్లో శిక్షపడినవారిలో అత్యధికులు నల్లజాతివారు. చట్టంలో జాతి పేరు లేదు కదా అని సమర్థించుకున్నారు. జైలు పరిచర్యకు వెళ్లే మనమూ ఖైదీ చేసిన నేరం అడుగుతాం గాని, శిక్షను ఏ రాయితో తూచారో అడగం. 2010లో ఆ 5 గ్రాములను 28 చేశారు. అప్పటికే లోపలున్నవారికి 2018 దాకా ఆ మేలు అందలేదు. చట్టంలో ఇప్పటికీ 18 రెట్ల తేడా ఉంది.