మాండలే ఎందుకు అంత త్వరగా పడిపోయింది?

1885 నవంబరులో రంగూన్ రేవు నుంచి ఐరావతి నది మీదుగా స్టీమర్లలో సాగిన ఆంగ్ల సైన్యంలో మద్రాసు పటాలాలూ ఉన్నాయి. నవంబరు 14న ఎగువ బర్మా సరిహద్దు దాటితే, 28కల్లా బర్మా రాజధాని మాండలే వాళ్ల వశమైంది. వరసగా తూటాలు పేల్చే కొత్తరకం తుపాకులే ఈ గెలుపు తెచ్చాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అప్పటి ఆంగ్ల సిపాయి చేతిలోని మార్టినీ-హెన్రీ ఒక్క తూటా తుపాకీ. మీట కిందికి లాగాలి, వేళ్లతో తూటా పెట్టాలి, మీట మూసి పేల్చాలి, మళ్లీ మొదలు. మ్యాగజైన్ ఉన్న లీ-మెట్ఫర్డ్ తుపాకీని ఆంగ్ల సైన్యం స్వీకరించింది 1888లో. గెలిపించింది నది, దాని మీద స్టీమర్ల వేగం, 67 ఫిరంగులు.

మరి పడవల మీద 24 మెషిన్ గన్లు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, ఒడ్డున కోటల ముందు పనికొచ్చాయి. 1877లో బల్గేరియాలోని ప్లెవ్నా దగ్గర తురుష్కులు మ్యాగజైన్ ఉన్న వించెస్టర్ తుపాకులతో రష్యన్లను నిలువరించిన మాటా నిజమే. అయితే అక్కడ కందకాలున్నాయి, పక్కనే తూటాల పెట్టెలున్నాయి. బర్మా అడవిలో కనబడని శత్రువు మీద గబగబా పేలిస్తే సంచీ ఖాళీ అవడం తప్ప ఒరిగేదేముంది? అందుకే రాజధాని రెండు వారాల్లో చిక్కినా, పల్లెల్లో తిరుగుబాటు అణచడానికి ఏళ్లు పట్టింది.