పరీక్షకుని ధర్మము



తయారై అంగడికి పోవుటకు సిద్ధముగా నున్న వస్తువును చేతబట్టి, ఇది తగినది, ఇది తగనిది యని నిర్ణయించు పని యెట్టిదో, అందలి ధర్మమెట్టిదో నేడు నాకు తోచినంత మనవి చేసెదను. సరకులు లెక్కలేనన్ని గలవు. అన్నిటిని గూర్చి చెప్పబూనక, మన ప్రాంతమున ఇంటింట నెఱిగిన చేనేత గుడ్డనే దృష్టాంతముగా గ్రహించెదను.

'పరీక్ష' యను మాటలోనే ఆ పని స్వరూపము ఇమిడియున్నది. 'పరి' యనగా చుట్టును. 'ఈక్ష' యనగా చూపు. ఒక వైపు మాత్రమే చూచుట పరీక్ష కాదు. నేను నలువది యేండ్లు బడిపంతులుగా నుండి వేలకొలది జవాబు కాగితములు దిద్దితిని. ఆ పనికిని గుడ్డ పరీక్షకును చుట్టఱికము గలదు, భేదమును గలదు. తప్పిన బాలుడు మఱుసటి యేడు మరల కూర్చుండి గెలువవచ్చును. తప్పిన గుడ్డ మరల మగ్గమెక్కదు. దానిని నేసిన దినముల కూలి, నూలు చుట్టి కండెలు పట్టిన ఇల్లాలి శ్రమ, అన్నియు ఆ మడతలోనే యుండును. కావున గుడ్డను త్రోసివేయువాడు తన చేతిలో నున్నది గుడ్డ మాత్రమే కాదని యెఱుగవలెను.

ఇక పని జరుగు విధము. నేసి తెచ్చిన గుడ్డను వెలుతురు సమముగా పడుచోట బల్లమీద పఱచి, మొదట పొడవును పన్నాను కొలుతురు, పిదప తూతురు. అంగుళము మేర చదరపు కిటికీ గల చిన్న భూతద్దమును గుడ్డపై నుంచి, ఆ కిటికీలో నిలువు పోగులెన్ని, అడ్డు పోగులెన్ని యని సూదిమొనతో లెక్కింతురు. పడుగు పోగులు పన్నెనుబట్టి యేర్పడును గనుక అంతగా మారవు. పేక పోగులు మాత్రము నేతవాని చేతి దెబ్బనుబట్టి మారును. అందుచే గుడ్డ మొదట నొకచోట, నడుమ నొకచోట, తుద నొకచోట లెక్కింపవలెను. ఉదయమున దిట్టముగా కొట్టిన చేయి సాయంకాలమునకు సడలినదో లేదో ఆ లెక్కయే చెప్పును.

నూలునకు నంబరు గలదు. 840 గజముల చిలపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో, ఆ సంఖ్యయే నూలు నంబరు. 40 చిలపలు తూగిన 40వ నంబరు. 100 చిలపలు తూగిన 100వ నంబరు. నంబరు పెరిగినకొలది నూలు సన్నగిలును. 100వ నంబరు వెల పుచ్చుకొని 80వ నంబరు గుడ్డ యిచ్చిన కొనువాని కంటికి తెలియకపోవచ్చును, త్రాసునకు తెలియును.

తరువాత గుడ్డను వెలుతురున కెదురుగా ఎత్తి చూతురు. తెగిన పడుగు పోగును అతుకక నేసిన నిలువున సన్నని చాలు కనబడును. పేక పోగు తప్పిన అడ్డముగా సందు పడును. అంచు వంకర, నూనె మరక, మడత లోపల దాగిన చిరుగు, ఇవన్నియు అప్పుడే బయటపడును. రంగు నిలుచునో లేదో చూచుటకు ఒక ముక్కను తెల్లగుడ్డతో జోడించి కుట్టి సబ్బునీట ఉతుకుదురు. అది వెలసిన మేరను, తెల్లగుడ్డకు అంటిన మేరను బూడిదవన్నె మెట్లతో పోల్చి 1 మొదలు 5 వఱకు అంకె వేయుదురు, 5 ఉత్తమము. వెలుతురునకు తాళునో లేదో తెలియుటకు, వెలయు స్వభావము ముందే తెలిసిన ఎనిమిది నీలి ఉన్నిగుడ్డల ప్రక్కన దీనిని వెలుతురులో నుంచి, వానిలో దేనితో సమముగా వెలసెనో చూతురు.

చూచుటకు కన్ను చాలదా, ఇన్ని సాధనము లేల యని మీరడుగవచ్చును. కన్ను మోసపోవును. ఎఱ్ఱని గుడ్డను చాలసేపు చూచి తెల్లనిదానిపై చూపు నిలిపిన అది ఆకుపచ్చ చాయగా తోచును. మిక్కిలి మంచి జవాబు వెనుక వచ్చిన మధ్యరకపు జవాబు ఉన్నదానికంటె హీనముగా కనబడుట ఉపాధ్యాయులందఱు ఎఱిగినదే. అలసిన కంటికి మంచిచెడ్డలు ఒక్కటే. కావున ప్రతి గుడ్డను చూచినంత మాత్రమున ప్రతి తప్పును దొఱకునని నమ్మరాదు.

మఱియు కొన్ని పరీక్షలు వస్తువునే చెఱుపును. గుడ్డ బలము తెలియవలెనన్న చింపి చూడవలెను; అన్నిటిని చింపిన అమ్ముటకు మిగులునదేమి? మెతుకు పట్టి అన్నము చూచు ఇల్లాలు ఈ చిక్కునకు ఉపాయము నెప్పుడో కనిపెట్టినది. అయితే ఒక హెచ్చరిక. కుండలోని మెతుకులన్నియు ఒక్క నీట, ఒక్క నిప్పున ఉడికినవి. మూటలోని గుడ్డలు పలు మగ్గములమీద దిగినవి. పైనున్న నాలుగు చక్కని గుడ్డలు చూచి మూటను మెచ్చుకొనుట పరీక్ష కాదు. పైనుండి, నడుమనుండి, అడుగునుండి, తన యిష్టముతో గాక చీటి వేసినట్లు ఎంచి తీయవలెను.

అమెరికాలో షూహార్టు అను శాస్త్రజ్ఞుడు 1924లో దీనికంటె ముందడుగు వేసెను. పరీక్షా ఫలములను దినదినము ఒక పటముమీద చుక్కలుగా గుర్తించి, పైనను క్రిందను హద్దుగీతలు గీచి, చుక్క హద్దు దాటినపుడు పని జరుగుచోటికి పోయి కారణము వెదకుమని యాతడు బోధించెను. ఆయన 1947-48లో మన దేశమునకు వచ్చి, మహలనోబిసుగారు కలకత్తాలో స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థవారితో కలిసి ఈ విద్యను ఇచట వ్యాపింపజేసెను. దీని సారము చేనేతకును చెల్లును. పన్నెలోని యొక పుల్ల వంగెనేని, ఆ మగ్గముమీద దిగిన ప్రతి గుడ్డయందును అదేచోట చాలు కనబడును. పదిసార్లు కూలి కోసినను పుల్ల చక్కబడదు. పన్నె మార్పించినవాడే నిజమైన పరీక్షకుడు. మంచితనము మగ్గముమీదనే పుట్టవలెను, పరీక్షబల్లమీద పుట్టదు.

ఇక ధర్మము మాట. పరీక్షించువాడు ఎవరి పక్షమున నుండవలెను? కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను అధికారి గలడు. మైసూరున శ్యామశాస్త్రిగారు 1909లో ఆ గ్రంథమును ప్రకటించిన తరువాత ఈ విషయము లోకమునకు తెలిసినది. నూలు సన్నమో, ముతకయో, నడిమిదో తెలిసికొని దానికి తగిన కూలి నిర్ణయింపవలెననియు, నూలు తగ్గినచో ద్రవ్యపు విలువనుబట్టి కూలి తగ్గింపవలెననియు అందు విధింపబడినది. శిక్ష గలదు, కాని దానికి కొలత గలదు. పరీక్షకుని కోపము దానికి కొలత కాదు.

ఈ కొలత తప్పిన ఏమగునో మన కోస్తా చరిత్రయే చెప్పును. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నమున కోఠీ పెట్టిరి. కాలక్రమమున ఇంజరము, మాధవాయపాలెము మొదలగుచోట్లను వారి వస్త్రవ్యాపారము సాగెను. నేతవారికి ముందుగా సొమ్మిచ్చి, తెచ్చిన గుడ్డను నమూనా గుడ్డతో పోల్చి, మొదటి రకము, రెండవ రకము, మూడవ రకము అని విభజించెడివారు, తగనిదానిని త్రోసివేసెడివారు. నమూనాతో పోల్చుట మంచి పద్ధతియే. కాని పోల్చువాడును కొనువాడును ఒక్కడే! రకము దిగిన వెల తగ్గును. వెల తగ్గిన లాభము పోల్చినవాని యజమానికే. త్రోసివేసిన గుడ్డ నేతవాని మెడకు చుట్టుకొనును. అప్పు నిలిచియే యుండును. తప్పు పట్టుటవలన లాభము గలవాడు తప్పు పట్టుటకు తగడు. అట్లే, ఒప్పుకొనుటవలన లాభము గలవాడు ఒప్పుకొనుటకును తగడు.

అందుచేతనే నమూనా ఒకని పెట్టెలో గాక అందఱు చదువుకొను అక్షరములలో నుండవలెను. ఆ సంకల్పముతోనే 1947లో భారతీయ ప్రమాణ సంస్థ యేర్పడెను. 1952లో ముద్ర వేయుటకు చట్టము వచ్చెను. 1987లో ఆ సంస్థయే భారతీయ ప్రమాణముల బ్యూరోగా మాఱెను. ప్రమాణములకు సంఖ్యలు గలవు. వానిలో 1వ సంఖ్య దేనికి దక్కెనో యెఱుగుదురా? మన జాతీయపతాకమునకు! 1951లో మొదట వెలువడి 1968లో సవరింపబడిన ఆ ప్రమాణము నూలు ఖద్దరు జెండాకు సంబంధించినది. నిడివికిని వెడల్పునకును 3:2 నిష్పత్తి. మిక్కిలి పెద్దది 6300కి 4200 మిల్లీమీటర్లు, మిక్కిలి చిన్నది 150కి 100. పోగుల లెక్క, రంగుల చాయ, రంగు నిలుకడ, కుట్టు, త్రాడు, చక్రమున 24 ఆకులు, అన్నిటికిని నియమము గలదు. జెండా నియమావళికి 2021 డిసెంబరులో జరిగిన సవరణ యంత్రముపై నేసిన గుడ్డను, పాలియెస్టరును గూడ అనుమతించినది. అయినను ఖద్దరు జెండాకు ఖద్దరు ప్రమాణము ఉండనే యున్నది.

1921లో బెజవాడయందు గాంధీమహాత్మునకు జెండా నమూనా సమర్పించిన పింగళి వెంకయ్యగారు మన కృష్ణా మండలమువారే. ఒకప్పుడు పరదేశి నమూనా ముందు మన నేతవాడు చేతులు కట్టుకొని నిలిచిన మచిలీపట్నము ఆ మండలములోనిదే. జెండాకైనను జనసామాన్యము కట్టు పంచెకైనను నియమమొక్కటే: ముందు వ్రాయబడి యుండవలెను, ఇరువురికిని తెలిసి యుండవలెను.

పరీక్షకుడు కఠినుడుగా నుండవలెనా, దయాళువుగా నుండవలెనా యని కొందఱడుగుదురు. తగని గుడ్డను జాలితో ఒప్పుకొనుట దయ యని పైకి తోచును. కాని ప్రక్క మగ్గమున జాగ్రత్తగా నేసినవానికి అదియే అన్యాయము. ఇద్దఱికి ఒకే కూలి ముట్టినచో రేపు జాగ్రత్త యెవడు పడును? మోసపోయిన కొనుగోలుదారు మరల రాడు; అప్పుడు ఊరి మగ్గములన్నియు నిలిచిపోవును. కావున గుడ్డపట్ల కాఠిన్యము, నేతవానిపట్ల దయ ఉండవలెను. తప్పును వ్రేలితో చూపి, కారణము చెప్పి, అది మరల రాకుండ నుపాయము చెప్పుటయే ఆ దయ. చెప్పక కూలి కోయుట దండన. చెప్పి కోయుట విద్య.

తుదిమాట కొనువారితో. ముద్ర చూచి తృప్తిపడి ఊరకుండకుడు. గుడ్డ మడత విప్పుడు, వెలుతురున కెత్తి చూడుడు, అంచు తడిమి చూడుడు. చౌకతనమునే వెదకు కొనుగోలుదారు చెడ్డగుడ్డను ఊరికి పిలుచుకొని వచ్చినవాడగును. మంచిదానికి తగిన వెల యిచ్చువాడు మంచి నేతను నిలబెట్టినవాడగును. సెలవు.