ఒక రిహార్సల్ బాకీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

బాలాపూర్ అనగానే ఎవరికైనా లడ్డూ వేలం గుర్తొస్తుంది. నాకు మాత్రం మన బడి వార్షికోత్సవంలో మధ్యలో ఆగిపోయిన ఒక పాట గుర్తొస్తుంది. ఆ సంగతికి ముందు ఒక కచేరీ గురించి చెప్పాలి.

ఉద్యోగరీత్యా లండన్‌లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్ళాను. వేదిక నిండా వాయిద్యకారులు. అందరికీ ముందు ఒక చెల్లో కళాకారిణి. చెల్లో వయొలిన్ కుటుంబానిదే, కాకపోతే పెద్దది. కూర్చుని, మోకాళ్ళ మధ్య ఆనించి, కమానుతో వాయిస్తారు. ఆ రోజు వాయించింది ఇంగ్లండు స్వరకర్త ఎల్గర్ రాసిన చెల్లో కన్సర్టో. మొదట చెల్లో ఒక్కటే పలుకుతుంది. తర్వాత కూడా అన్ని వాయిద్యాలూ గొంతు తగ్గించి దానికి దారి ఇస్తుంటాయి. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

ఇంటికొచ్చి దాని చరిత్ర చదివాను. తొలి ప్రదర్శన 1919 అక్టోబర్ 27న, లండన్ క్వీన్స్ హాల్లో. సోలో ఫెలిక్స్ సాల్మండ్, ఆర్కెస్ట్రాను నడిపింది ఎల్గరే. కచేరీలో మిగతా అంశాలు ఆల్బర్ట్ కోట్స్‌వి. ఆయన తన రిహార్సల్‌ను సాగదీసి ఎల్గర్ సమయం తినేశారు. ప్రదర్శన దెబ్బతింది. ఆ రోజు చెల్లో వరసలో జాన్ బార్బిరోలి అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడున్నాడు. 1965లో అదే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకు ఆయనే కండక్టరై, ఇరవై ఏళ్ళ జాక్వెలిన్ డు ప్రే సోలోగా ఆ కన్సర్టోను రికార్డు చేశారు. ప్రపంచం ఇప్పటికీ వింటోంది. లోపం సంగీతంలో లేదు, రిహార్సల్‌లో ఉంది.

చదువుతుంటే నాకు చెమట పట్టింది. పదో తరగతిలో నేను నాటకానికి లీడర్ని. హార్మోనియం ఉన్న గది రోజూ ఒక గంటే దొరికేది. సగం నాటకానికి, సగం మన మిత్రుడి పాటకు. "ఇంకొక్కసారి" అంటూ వాడి అరగంట కూడా నేనే వాడేసుకున్నాను. వార్షికోత్సవం నాడు హార్మోనియం ఒక శ్రుతి, వాడి గొంతు ఇంకో శ్రుతి. రెండో చరణం దగ్గర ఆగిపోయాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాటకానికి బహుమతి వచ్చింది. వాడు మళ్ళీ వేదిక ఎక్కలేదు. వాడికి పాట రాదనుకున్నాం. వాడూ అదే నమ్మాడు.

సరిగ్గా పరీక్షించకుండా మోటారును సైటుకు పంపి, ఆగిపోతే మోటారునే తిడితే ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. మనిషి విషయంలో నేను చేసింది అదే.

ఒరేయ్, మూడో వరసలో కూర్చున్నావు కదా, నన్ను క్షమించు. నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. ఐదే వాడుకున్నాను. మిగతా పదీ నీవి. హార్మోనియం తెప్పించాను. ముందు శ్రుతి చూసుకో. తొందరేం లేదు, అందరం ఆగుతాం.